నల్ల అద్దం

గోనెసంచి మూతిని సుతిలి తాడుతో బిగిస్తున్న చప్పుడు సంధ్యకు వినబడుతూనే ఉంది. కళ్లు తెరిచి చూసే పరిస్థితి లేదు. తడిగుడ్డ కింద రెప్పలు ఉబ్బిపోయాయి. లోపల ఎవరో గుప్పెడు ఇసుక పోసి రుద్దుతున్నట్టుగా ఉంది.

సంచిలోకి పోయింది ఆమె వెల్డింగ్ మిషన్. బిగిస్తున్నది ఆమె భర్త యుగేందర్.

అతను తొర్రూరు డిపోలో బస్సు డ్రైవరు. రాత్రి గంగారంలో నైట్ హాల్ట్ చేసి, పొద్దున బండి డిపోలో అప్పజెప్పి నెల్లికుదురులోని ఇంటికి వచ్చేసరికి సంధ్య గోడవైపు మొహం తిప్పుకొని మంచం మీద ముడుచుకొని ఉంది. అతని తల్లి పోచమ్మ పక్కన కూర్చొని గుడ్డ తడిపి వేస్తోంది. ఏమైందని అడిగితే ఇద్దరూ పలకలేదు. ఇంటి వెనక్కి పోయి చూశాడు. బాత్రూం మెట్ల పక్కన సగం అతికిన ఇనుప పైపులు, కాలిన రాడ్ ముక్కలు, బోర్లా పడిన నల్ల అద్దం మాస్కు. ఇక అడగాల్సిన అవసరం లేకపోయింది.

ముందు ఆమెను బండి మీద కూర్చోబెట్టుకొని దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరమ్మ లైటు వేసి చూసింది. వెల్డింగ్ వెలుగు కొట్టిందనీ, చూపుకేమీ కాదనీ, చుక్కల మందు వేసుకుంటూ రెండు రోజులు చీకటి గదిలో ఉంటే తగ్గుతుందనీ చెప్పింది. మళ్లీ మళ్లీ ఇలాగే అయితే మాత్రం తాను హామీ ఇవ్వలేనని కూడా అంది.

ఇల్లు చేరాక యుగేందర్ మొదలుపెట్టాడు.

"అద్దం ఎందుకు పెట్టుకోలే?"

"పెట్టుకున్న."

"పెట్టుకుంటే గిట్లెందుకైతది?"

సంధ్య గోడవైపు ఒత్తిగిలింది. గోడతోనే చెప్పింది. "అద్దం ఏసుకుంటే మొత్తం చీకటే. మంట అంటుకునేదాక ఏం కనబడది. రాడ్ ఎక్కడ పెట్టాల్నో ఎర్క కాదు. జర లేపి చూసుకొని పెట్టిన."

లేపి చూసుకొని, కళ్లు గట్టిగా మూసుకొని రాడ్ గీసేది. ప్రతిసారీ ఒక్క క్షణం ముందే కళ్లు తెరుచుకునేవి. ఎన్నిసార్లు అలా చేసిందో ఆమెకే తెలియదు. అప్పుడు నొప్పేమీ లేదు. పొద్దుగూకాక కళ్లు గరగరలాడటం మొదలైంది, తెల్లారేసరికి ఇదీ సంగతి.

యుగేందర్‌కు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ తగ్గిన గొంతుతోనే ఐలేశ్ సంగతి ఎత్తాడు. ఐలేశ్ అతనితో పాటే ఉద్యోగంలో చేరినవాడు. డ్రైవర్లకు చేసే కళ్ల పరీక్షలో పోయినేడు తప్పాడు. స్టీరింగ్ తీసేసి డిపో గేటు దగ్గర కూర్చోబెట్టారు. మాట్లాడితే నవ్వించే మనిషి, ఇప్పుడు వచ్చే బస్సునూ పోయే బస్సునూ చూస్తూ ఊరికే కూర్చుంటున్నాడు. అలాంటిది, జాకెట్లు కుట్టి బతికే మనిషి చేజేతులా కళ్లు కాల్చుకుంటుందా అని అతని బాధ.

"దుకాణం నడుస్తలేదా నీకు?"

"నడుస్తున్నది."

"మరి గిదెందుకు?"

"ఇష్టం."

పోయిన వారం కూడా ఇదే మాట చెప్పింది. అప్పుడూ అతనికి అర్థం కాలేదు. ఆమె ముందు గదిలో కుట్టుమిషన్ పెట్టి ఊళ్లో సగంమంది ఆడవాళ్లకు జాకెట్లు కుడుతుంది. అది పని. కూతురు పూజను జనగామలో హాస్టల్లో పెట్టి డిగ్రీ చదివిస్తున్నారు. అదీ ఒక లెక్కే. ఇనుప ముక్కల్ని అతికించి, విరగ్గొట్టి, మళ్లీ అతికించడం ఏ లెక్కలోకి వస్తుందో అతనికి తట్టలేదు. ఇష్టమైతే సీరియల్ చూడొచ్చు, యాదగిరిగుట్ట పోయిరావచ్చు.

కొద్దిసేపటికి సంచి ఈడ్చిన చప్పుడు. తరువాత బండి స్టార్టయిన చప్పుడు. అది వీధి మలుపు తిరిగి తొర్రూరు రోడ్డు వైపు పోయేదాకా సంధ్య వింటూనే ఉంది.

పోచమ్మ గుడ్డ తీసి, నీళ్లలో ముంచి, పిండి మళ్లీ వేసింది.

*

ఇదంతా ఎండాకాలంలో మొదలైంది. కుట్టుమిషన్ గది కిటికీకి గ్రిల్ పెట్టించాలని మోతీలాల్‌ను పిలిచారు. మోతీలాల్‌ది దగ్గరి తండా. తొర్రూరు రోడ్డు మీద అతనికి వెల్డింగ్ దుకాణం ఉంది. గ్రిల్ పట్టుకొని అతను వచ్చాడు గానీ, మిషన్ ముందు కూర్చున్నది అతని భార్య లచ్చి. మందపాటి నూలు చొక్కా చీర మీద తొడుక్కొని, కొంగు నడుముకు చుట్టి, మొహానికి మాస్కు దించుకుంది. సంధ్య గుడ్డ కత్తిరించడం ఆపి నిలబడి చూసింది.

అలా వట్టి కళ్లతో చూడొద్దని లచ్చి కసిరి, ఇంకో నల్ల అద్దం చేతికిచ్చింది. అందులోంచి మొదట ఏమీ కనబడలేదు. తరువాత ఒక చిన్న వెలుగు. ఆ వెలుగు కింద ఇనుము బెల్లంపాకంలా కరిగి, మెల్లగా కదులుతూ, వెనక గట్టిపడుతూ పోయింది. రెండు ముక్కల మధ్య ఉన్న గీత ఆ పాకంలో కలిసిపోయింది. గీత ఉండేదని ఇక ఎవరూ చెప్పలేరు.

పెళ్లయినప్పటి నుంచీ సంధ్య బట్టలే కుడుతోంది. ఎంత సన్నగా కుట్టినా కుట్టు కుట్టుగానే ఉంటుంది. దారం లాగితే ఊడివస్తుంది. ఇది వేరు. ఆ రోజు మధ్యాహ్నం జాకెట్‌కు కుడిచేతికి కుట్టాల్సిన ముక్కను ఎడమచేతికి కుట్టేసింది.

కొన్నాళ్లకు తానే లచ్చి దుకాణానికి పోయి నేర్పమని అడిగింది. లచ్చి నవ్వి, నైలాన్ చీర కట్టుకొని తన దుకాణం ఛాయలకు రావొద్దని మాత్రం చెప్పింది. మర్నాడు సంధ్య నూలు చీర మీద యుగేందర్ పాత ఖాకీ చొక్కా వేసుకొని పోయింది.

అగ్గిపుల్ల గీసినట్టు రాడ్ గీయాలని లచ్చి నేర్పింది. సంధ్య గీస్తే రాడ్ ఇనుముకు అతుక్కుపోయేది. గుంజితే వచ్చేది కాదు. దూరం జరిపితే మంట ఆరిపోయేది. ఇంకా దగ్గరికి పెడితే మళ్లీ అతుక్కునేది. కొన్ని రోజులు ఇదే వరుస. చూసి చూసి లచ్చి, కళ్లతో కాదు చెవులతో పట్టుకోవాలని చెప్పింది. నూనెలో పచ్చిమిరపకాయ బజ్జీ వేగినట్టు ఒకే తీరున చప్పుడు రావాలి. ఆ చప్పుడు తెగిందంటే చెయ్యి తప్పినట్టు.

ఒక సాయంత్రం ఆ చప్పుడు వచ్చింది. తెగకుండా రాడ్ సగం కరిగేదాకా వచ్చింది. సంధ్య మాస్కు లేపి, చిన్న సుత్తితో పైన కట్టిన నల్లటి పెంకును తట్టింది. అది ఒక్క ముక్కగా లేచి పక్కకు పడింది. కింద సన్నని అలలు, ఒకదాని పక్కన ఒకటి. తన చేతి పనే అని నమ్మలేక వేలు పెట్టబోతే, కాలుతుందని లచ్చి చెయ్యి పట్టుకొని ఆపింది.

లచ్చి వాళ్లు పెద్ద మిషన్ కొనుక్కున్నాక పాత చిన్న మిషన్ సంధ్య ఇంటికి వచ్చింది. ఇన్నాళ్లకు పోచమ్మ కోసం ఒక పని మొదలుపెట్టింది. పోచమ్మకు మోకాళ్ల నొప్పులు. ఇంటి వెనక బాత్రూం మెట్లు ఎక్కాలంటే గోడకు చేతులు ఆన్చి పక్కకు పక్కకు నడుస్తుంది. ఆ మెట్ల పక్కన పట్టుకోవడానికి పైపు ఒకటి నిలబెడదామనుకుంది. అదే పనిలో కళ్లు కాల్చుకుంది.

*

మధ్యాహ్నం పోచమ్మ పప్పన్నం కలిపి ముద్దలు చేసి కోడలికి తినిపించింది. సంధ్య సిగ్గుపడి తానే తింటానంటే గిన్నె ఇవ్వలేదు.

కిటికీకి దుప్పటి కట్టి ఉంది. గది చల్లగా ఉంది. పోచమ్మ మామూలుగా పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు ఎందుకో తన పడుచుతనం సంగతి తీసింది. పెళ్లయి వచ్చిన కొత్తల్లో, పొలం పని అయ్యాక ఆడవాళ్లంతా వ్యవసాయ బావిలో ఈత కొట్టేవాళ్లట. ఎండిన సొరకాయ బుర్రలు నడుముకు కట్టుకొని ఆమె నేర్చుకుందట. తరువాత బుర్రలు లేకుండానే గట్టు మీది నుంచి దూకేదట. నీళ్లలోకి పోయేటప్పుడు చెవుల్లో గుయ్యిమనే చప్పుడు అంటే ఆమెకు మహా ఇష్టమట. మామ చూసి, ఇంటి కోడలు బావిలో దూకడమేమిటని ఒక్క మాట అన్నాడట.

"నేనేం కొట్లాడలే బిడ్డా. ఇడిసిపెట్టిన. గంతే."

సంధ్య గుడ్డ కింది నుంచే అత్త వైపు తల తిప్పింది. ఇన్నేళ్లలో ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. యుగేందర్‌కు కూడా తెలిసి ఉండదు.

"మల్ల ఎన్నడు దునుకలేదా అత్తమ్మా?"

"లే." పోచమ్మ చివరి ముద్ద పెట్టి, గిన్నె కింద పెట్టింది. "మొన్న నువ్వు ఇనుము గీకుకుంట పాట పాడుకున్నవ్. నేను గోడ పక్కన కూసోని ఇన్న. నువ్వు పాడుతున్నవని నీకే ఎర్కలేదు."

ఆ తరువాత ఆమె లేచి పోయింది. సాయంత్రం యుగేందర్ వట్టి చేతులతో తిరిగొచ్చాడు. తల్లి అతనికి కంచంలో అన్నం పెట్టింది, నీళ్లు పెట్టింది, మజ్జిగ పోసింది. ఒక్క మాట మాట్లాడలేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అని కూడా అడగలేదు. అతను తానే, ఉప్పు మంచిగా ఉందని చెప్పాడు. పోచమ్మ వినబడనట్టు పొయ్యి దగ్గరికి పోయింది.

మిషన్ ఏం చేశావని సంధ్య అడగలేదు. ఏం చేశాడో అతను చెప్పలేదు. చుక్కల మందు మాత్రం వేళకు వేశాడు. ఎడమచేతి బొటనవేలితో రెప్ప మెల్లగా పైకి లేపి, ఒక్కో చుక్కా వేసి, కారిన నీటిని తన రుమాలుతో అద్దాడు.

*

మర్నాటి సాయంత్రానికి కళ్ల మంట తగ్గింది. సంధ్య వాకిట్లోకి వచ్చి, నీడన కూర్చొని, లోకాన్ని కొత్తగా చూస్తున్నట్టు చూస్తోంది. దండెం మీద ఆరేసిన చీరలు, గోడ మీద కోడి, అన్నీ కొంచెం ఎక్కువ రంగులో ఉన్నట్టనిపించాయి.

లచ్చి వచ్చింది. వస్తూనే సంధ్య గడ్డం పట్టుకొని మొహం పైకెత్తి, కళ్లు రెండూ పరీక్షగా చూసింది. తరువాత తిట్టింది. చెప్పిన మాట వినకుండా మాస్కు ఎత్తినందుకు తిట్టింది, నొప్పి మొదలవగానే తనకు కబురు పెట్టనందుకు ఇంకోసారి తిట్టింది. అదంతా అయ్యాక పక్కన కూర్చొని, మిషన్ తన దుకాణంలోనే ఉందని చెప్పింది.

యుగేందర్ దాన్ని అమ్మలేదు. నేరుగా లచ్చి దుకాణానికి తీసుకుపోయి దించాడు. తన భార్యకు ఇది అంటగట్టింది నువ్వే కదా అని అడిగాడు. లచ్చి కూడా తగ్గలేదు. తన దగ్గర నేర్చుకున్నన్నాళ్లూ ఆమె కంటికి ఏమైనా అయిందా అని ఎదురడిగింది. అప్పుడు మోతీలాల్ ట్రాక్టర్ ట్రాలీ ఒకటి అతుకుతున్నాడు. లచ్చి ఏమనుకుందో, నల్ల అద్దం తీసి యుగేందర్ చేతిలో పెట్టింది.

"గీంట్లకెళ్లి చూసి, అప్పుడు తిట్టు అన్నా అని చెప్పిన."

"చూసిండా?" సంధ్య అడిగింది.

"చూసిండు. ట్రాలీ ఒక దిక్కు మొత్తం అయిపోయేదాక అద్దం దించలే. పొద్దుగూకుతున్నదని మోతీలాల్ యాదిజేస్తే పోయిండు. మల్ల నన్నేం తిట్టలే."

సంధ్యకు నవ్వు రావాల్సింది. రాలేదు. అతను చూశాడు, చూసి వచ్చాడు, వచ్చి కళ్లలో చుక్కలు వేశాడు. ఒక్క మాట చెప్పలేదు. మూసిన కళ్లతో ఆమె మంచం మీద పడి ఉండి, ఆ మిషన్ ఏ పాత ఇనుము కొట్లో పడిందో అని ఆ రోజంతా కుమిలిపోయింది.

లచ్చి పోయేముందు ఒక ఉపాయం నేర్పింది. మాస్కు నెత్తి మీదికి ఎత్తి ఉంచుకొని, రాడ్ మొనను అతకాల్సిన చోటికి వెంట్రుకవాసి దూరంలో ఆపి, చెయ్యి కదపకుండా తల ఒక్కసారి కిందికి ఊపాలి. మాస్కు దానంతటదే మొహం మీద పడుతుంది. అప్పుడు గీయాలి. చెయ్యి కదలకుండా తల ఊపడం రావాలి, అంతే.

*

యుగేందర్ ఇంటికి వచ్చేసరికి సంధ్య కుట్టుమిషన్ ముందు కూర్చొని ఉంది. ముందు నల్లటి జాకెట్ గుడ్డ పరిచి ఉంది. చేతిలో సుద్దముక్క. నెత్తి మీద మాస్కు. ఆమె తల ఊపుతోంది, మాస్కు పడుతోంది, సుద్దముక్కతో గుడ్డ మీద పెట్టిన గుర్తును చీకట్లోనే తాకుతోంది. మాస్కు ఎత్తి చూసుకుంటోంది. మళ్లీ ఊపుతోంది. గడప మీద కూర్చున్న పోచమ్మ, గంగిరెద్దు తల ఊపినట్టుందని నవ్వుతోంది.

కొడుకును చూసి పోచమ్మ నవ్వు ఆపేసి లోపలికి పోయింది.

అతను చెప్పులు విడిచి, కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. మిషన్ రేపు తీసుకొస్తానన్నాడు.

"నువ్వు తేవద్దు. నేనే తెచ్చుకుంట."

"నేనేగా తీస్కపోయింది."

సంధ్య మాస్కు తీసి ఒళ్లో పెట్టుకుంది. "నువ్వు తిట్టినవ్. తిట్టు, నేను చేసింది తప్పే. వద్దను, కొట్లాడుదాం. గని నా కండ్లు మూసి ఉన్నప్పుడు ఎత్తుకపోయినవ్. గది మంచిగ లేదు."

పెళ్లయినప్పటి నుంచీ ఇద్దరూ పోట్లాడుకున్నది తక్కువేమీ కాదు. కానీ ఆమె ఇంత నెమ్మదిగా ఎప్పుడూ మాట్లాడలేదు. తాను తప్పు చేశానని యుగేందర్ అన్నాడు. గట్టిగా కాదు, వినబడేంత. అన్నాక, ఇంకేదో కూడా చెప్పాలనిపించినట్టు మాటలు వెతుక్కున్నాడు.

"ఆ అద్దంలకెళ్లి చూసిన నేను. గంగారం దారిల రాత్రి బండి నడిపినట్టే ఉన్నది. లైటు పడ్డంత మేరనే కనబడ్తది. చుట్టూ మొత్తం అడవి, చీకటి. మనమూ, ఆ ఇంత వెలుగు. ఇంకేం ఉండది. ఆ దారిల పోతుంటే నాకు మంచిగనిపిస్తది. అందుకే ఆ డ్యూటీ అడిగి వేయించుకుంట."

అన్నాక గానీ తానేమన్నాడో అతనికి తెలియలేదు.

గంగారం నైట్ హాల్ట్ ఎవరికీ ఇష్టం ఉండదనీ, డిపోలో తనమీదే రుద్దుతున్నారనీ ఏళ్ల తరబడి అతను ఇంట్లో చెబుతున్నాడు. పాపం అడవిలో పడుకొని వస్తున్నాడని, ఆ డ్యూటీ ఉన్న రోజు పోచమ్మ ప్రత్యేకంగా సద్ది కట్టి పంపుతుంది. మర్నాడు వచ్చాక సంధ్య కోడికూర వండుతుంది.

"అడిగి వేయించుకుంటున్నవా?"

లోపలి గదిలోంచి పోచమ్మ గొంతు వచ్చింది, రెండు రోజుల తరువాత కొడుకుతో మొదటి మాట. "ఏందిరా, అడిగి పోతున్నవా?"

సంధ్యకు నవ్వు ఆగలేదు. మొహం సుద్దముక్క ఉన్న చేతితో కప్పుకుంది, ముక్కు మీద తెల్లగీత పడింది. యుగేందర్ మొదట తల దించుకున్నాడు, తరువాత తనూ నవ్వాడు. పోచమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడి, ఇక నుంచి సద్ది గిద్ది లేదని తేల్చి చెప్పింది.

*

మిషన్ సంధ్యే తెచ్చుకుంది. స్కూటీ ముందు పెట్టుకొని, ఊరి మధ్యలోంచి, ఎవరు చూసినా చూడనీ అని తెచ్చుకుంది.

యుగేందర్‌కు సెలవు ఉన్న రోజు పైపు పని మళ్లీ మొదలైంది. అతను సహాయం చేస్తానన్నాడు. చేయాల్సింది ఏమీ లేదని, దూరంగా అద్దం పట్టుకొని కూర్చోమని ఆమె చెప్పింది. పోచమ్మను గోడ అవతలికి పంపారు. ఆమె అక్కడే, వినబడేంత దూరంలో కూర్చుంది.

సంధ్య ఖాకీ చొక్కా గుండీలు పైదాకా పెట్టుకుంది. రాడ్ మొన ఆన్చినట్టు ఆన్చి, ఆపి, తల ఊపింది. మాస్కు పడింది. చీకటి. గీసింది. మొదటిసారి అతుక్కుంది. రెండోసారి వేగుతున్న చప్పుడు వచ్చింది. ఇంట్లో ఫ్యాను వేగం తగ్గి, మళ్లీ అందుకుంది. పక్కింటివాళ్లు టీవీ ఆరిపోయి వస్తోందని గోడ మీది నుంచి కేక వేస్తే, కాసేపేనని యుగేందర్ చెప్పాడు.

నాలుగు చోట్ల అతికించింది. పెంకు కొట్టి, తీగల బ్రష్‌తో గీకి, చల్లారనిచ్చింది. యుగేందర్ వచ్చి చూసి బాగుందన్నాడు.

"చూసుడు కాదు. మీద పడు," అంది సంధ్య.

అతను పైపు పట్టుకొని తన బరువంతా వేశాడు. టప్పుమంది. కింది అతుకు విడిపోయింది. అతను మెట్టు మీద కూలబడ్డాడు. దెబ్బేమీ తగల్లేదు. విరిగిన చోటు వంక చూశాడు. ఆమె బాధపడుతుందేమోనని, తాను మరీ గట్టిగా గుంజానని సర్దిచెప్పబోయాడు.

సంధ్య అప్పటికే మోకాళ్ల మీద కూర్చొని విరిగిన చోటును చూస్తోంది. పైన అంతా అందంగా అలలు అలలుగా ఉంది. లోపల ఇనుము ఇనుమును పట్టుకోనే లేదు. పాకం ఒక పక్కనే కూర్చుంది, అవతలి పైపు మీద ఊరికే వాలింది. అత్తమ్మ బరువుకు విరగకుండా నీ బరువుకు విరిగింది, మంచిదే అయిందని ఆమె మామూలుగా అంది. గ్రైండర్ పెట్టి ఆ చోటంతా అరగదీసింది. మిషన్ మీద వేడి కొంచెం పెంచింది. ఈసారి తొందరపడకుండా, పాకం రెండు అంచులనూ తాకిందని కంటితో చూసుకున్నాకే చెయ్యి జరిపింది. అలలు ముందంత అందంగా రాలేదు. ఒకచోట బొడిపె కట్టింది. మిగిలిన మూడు అతుకులను కూడా నమ్మక, వాటినీ కోసి మళ్లీ వేసింది.

చల్లారాక యుగేందర్ మళ్లీ బరువు వేశాడు. కదల్లేదు. రెండు కాళ్లూ ఎత్తి వేలాడాడు. కదల్లేదు. సుత్తి తీసుకొని ఆమే కొట్టింది. గంట కొట్టినట్టు మోగింది, అంతే.

సాయంత్రం పోచమ్మ కొత్త పైపు పట్టుకొని మెట్లు ఎక్కింది. గోడ వైపు తిరగకుండా, ముందుకు చూస్తూ ఎక్కింది. పైకి పోయి, పని లేకపోయినా మళ్లీ దిగింది. దిగి మళ్లీ ఎక్కింది. యుగేందర్ ఏదో అనబోతే సంధ్య చేత్తో ఆపింది. ఇద్దరూ వెనక వాకిట్లో రాతి మీద కూర్చొని ఆమెను చూస్తూ టీ తాగారు.

*

లచ్చి వచ్చింది అప్పుడే. పైపు దగ్గరికి పోయి, బొడిపె మీద బొటనవేలు పెట్టి రుద్ది, పరవాలేదన్నట్టు తల ఊపింది. ఆమె నోట అంతకంటే పెద్ద మెప్పు రాదని సంధ్యకు తెలుసు.

కూర్చున్నాక వచ్చిన పని చెప్పింది. భూపాలపల్లి దగ్గర ఒక కార్ఖానలో పెద్ద మరమ్మతు పని పడింది. మోతీలాల్‌ను రమ్మన్నారు. పోతే నెల దాటుతుంది. ఇక్కడ దుకాణంలో చిన్నాచితకా పనులు తను చూసుకోగలదు. కానీ ఊళ్లో బడికి కొత్త గేటు చేయాలని ఒప్పుకొని ఉన్నారు. దసరా సెలవుల తరువాత బడి తెరిచేలోపు నిలబెట్టాలి. అది ఒక్క మనిషితో అయ్యేది కాదు.

"నువ్వు వస్తవా అక్కా? పొద్దటి పూట. కూలి ఇస్త, ఊరికే కాదు."

సంధ్య కంటే ముందు యుగేందర్ మాట్లాడాడు. మంచి అవకాశమన్నాడు. జాకెట్లు సాయంత్రం కుట్టుకోవచ్చన్నాడు. నేర్చుకున్న పని ఊరికే పోకుండా అక్కరకొస్తుందన్నాడు. మొన్నటికి మొన్న మిషన్‌ను సంచిలో మూటగట్టిన మనిషి, ఇప్పుడు తానే దింపి వస్తానంటున్నాడు. పోచమ్మ మెట్ల మీద ఆగి వింటోంది.

సంధ్య గ్లాసు కింద పెట్టింది.

"నేను ఇష్టమని మొదలుపెట్టిన," అంది. "ఎవరు అడగలే, ఎవరు చెప్పలే. రేపటి నుంచి కూలికి పోతే గీ ఇష్టం గిట్లనే ఉంటదా?"

లచ్చి ఈ పని ఇష్టమని నేర్చుకోలేదు. పెళ్లయ్యాక మోతీలాల్‌కు సాయం కావాలని నేర్చుకుంది. ఇష్టమా కాదా అని ఇన్నేళ్లలో ఆమెను అడిగినవాళ్లు లేరు. అరచేతుల్లోని పాత కాలిన మచ్చల వైపు చూసుకొని, ఒక్కో దినం ఒక్కో తీరుగా ఉంటుందని చెప్పింది. బలవంతమేమీ లేదని, రేపు పొద్దుటికల్లా చెబితే చాలని, లేకపోతే మహబూబాబాద్ నుంచి ఇంకెవరినైనా పిలుచుకుంటానని లేచింది.

వాకిలి దాకా పోయి బండి తాళం తీస్తుండగా సంధ్య ఆమె వెనకే వచ్చింది. వస్తానని అనలేదు. రానని కూడా అనలేదు.

"గేటు ఎంత పెద్దగ ఉంటది లచ్చీ?"

లచ్చి రెండు చేతులూ చాపి చూపించింది. చాలలేదు. బండికి స్టాండు వేసి, వాకిలి ఈ మూల నుంచి ఆ మూల దాకా నడిచి చూపించింది. సంధ్య ఆమె పక్కనే, నేల వైపు చూస్తూ, అడుగులు వేసుకుంటూ నడిచింది.